జేబుకెమేరాయు గృహచరిత్రమును

చరిత్ర యనగానే రాజుల వంశావళులును, యుద్ధముల తేదీలును మనకు జ్ఞప్తికి వచ్చును. కొండవీటి రెడ్డిరాజుల పేర్లు వరుసగా నప్పగింపగల చదువరి, తన ముత్తవ్వ పేరు చెప్పుమన్న తడబడును. ఆమె ముఖ మెట్టిదో యెరుగనే యెరుగడు. ఆమెయు బిడ్డలను కని పెంచినది, కరవులను దాటినది, వంగిన నడుముతో పత్తి తీసినది, మిరపకాయ కోసినది. కాని యామెను గూర్చి యెవరును వ్రాయలేదు, ఎవరును చిత్రింపలేదు. మన యిండ్ల చరిత్రలో సగము చీకటిలో నున్నది. ఆ సగము ముఖ్యముగా స్త్రీలది, కూలివారిది.

ఈ మాట యిప్పు డేల యనగా, కొన్ని నెలలుగా మేము వెలుపలికి పోవునప్పుడెల్ల చొక్కాజేబులో నొక చిన్న కెమేరా నుంచుకొనుచున్నాము. అది సబ్బుపెట్టెయంత యుండును. దానిని పైకి తీసినంతనే మిత్రు లెల్లరు నడుగు ప్రశ్న యొక్కటే: "చేతిలో ఫోను ఉండగా ఇదెందుకండీ?" ప్రశ్న న్యాయమైనదే. ఫోనులోని కెమేరా నేడు సామాన్యమైనది కాదు. దానికి వేరుగా ఖర్చు లేదు. మోయవలసిన బరువు లేదు. అయినను మేము చిన్న కెమేరానే యెన్నుకొంటిమి. ఈ యెంపిక వేడుకకొరకు కాదు. ఇందులకు కారణము చెప్పవలెనన్న, కెమేరా యనునది మన గుంటూరు, ఒంగోలు మైదానములకు మొదట నెవరి చేతులలో వచ్చినదో, పిమ్మట నెవరి చేతులకు మారినదో విచారింపవలసియున్నది.

బొమ్మ రాతికంటె గట్టిదని ఋజువు చేసిన స్థలము మన అమరావతియే. పదునెనిమిదవ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అచ్చట నూతన పట్టణమును కట్టించుచుండగా, ప్రజలు దీపాలదిన్నె యని పిలుచు దిబ్బనుండి చెక్కడపు రాళ్లు బయల్పడెను. 1797లో కోలిన్ మెకంజీ యను సైనికోద్యోగి వచ్చి వానిని చూచెను. మరల 1816లో ఆయన చిత్రకారులను వెంటబెట్టుకొని వచ్చునప్పటికి దిబ్బ నడుమ చెరువు త్రవ్వబడియున్నది. రాళ్లు పెక్కు కట్టడములలోనికి పోయినవి. కొన్ని కాలి సున్నమైనవి. మిగిలినవానిని ఆ చిత్రకారులు కాగితముపై కొలతలతో గీచిరి. మెకంజీ చారిత్రకసేకరణమునకు తోడ్పడినవారు బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి యను కావలి సోదరులు, తెలుగువారే. ఆ బొమ్మలలో నున్న కొన్ని శిల్పములు నేడు లోకమున నెచ్చటను కానరావు. పాలరాయి సున్నమై పోయినది. పలుచని కాగితము నిలిచినది.

పిమ్మట 1845లో వాల్టర్ ఎలియట్ దొర మరల త్రవ్వించి, దొరికిన రాళ్లను మద్రాసునకు పంపెను. అవి యచ్చట చాలకాలము ఎండకు వానకు నోర్చి పడియుండెను. 1858లో చెన్నరాజధాని ప్రభుత్వ ఛాయాచిత్రకారుడగు లిన్నియస్ ట్రైప్ వానిని కెమేరాతో చిత్రించెను. మరుసటి యేట రాళ్లలో పెక్కు ఓడనెక్కి లండను చేరినవి. 1868లో జేమ్స్ ఫెర్గుసన్ ప్రకటించిన గొప్ప గ్రంథమున అమరావతి శిల్పముల ఛాయాచిత్రములు చేరెను. గుంటూరు సీమ రాయి యిట్లు ప్రపంచమునకు తెలిసినది.

ఆనాటి కెమేరా జేబులో నిముడునది కాదు. పెద్ద పెట్టె, మూడుకాళ్ల పీట, పలకలు, మందుసీసాలు, చీకటిగుడారము, ఇన్నియు ఎడ్లబండ్లపై కదలవలెను. ఇంత పరికరమును మోయించుటకు ప్రభుత్వమునకే చెల్లును. కావున దేనిని చిత్రింపవలెనో నిర్ణయించుట కూడ ప్రభుత్వమువంతే యయ్యెను. ఆలయములు, శాసనములు, శిల్పములు చిత్రింపబడెను. దిబ్బ త్రవ్విన కూలివారి ముఖములు చిత్రింపబడవలెనని యెవరికి తోచును?

వారి ముఖములు కెమేరాకు కనబడిన సందర్భ మొకటి లేకపోలేదు. అది తలచుకొన్న సిగ్గగును. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును ధాత కరవు పీడించినది. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. ఆ ప్రాంతమున బకింగ్‌హాము కాలువ త్రవ్వకము కూలి గింజ లిచ్చి యెందరి ప్రాణములనో నిలిపినది. ఆ కరవునందే మద్రాసు సైన్యమున అధికారియగు హూపర్ అనునతడు, ఎముకలగూడులైన మనుష్యులను వరుసగా కూర్చుండబెట్టి ఛాయాచిత్రములు తీసెను. క్షామపు భయంకరత్వము దూరదేశములవారికి వానివలన కన్నులకు కట్టినట్లు తెలిసినది, అది మేలే. కాని ఆకలితో నున్నవారిని బొమ్మకొరకు కూర్చుండబెట్టుట ధర్మమా యని ఆనాడే విమర్శ కలిగెను. ఆ చిత్రములు నేటికిని గ్రంథాలయములలో నున్నవి. వారిలో ఒక్కరి పేరైన వాని క్రింద లేదు. ఏ తల్లి, ఏ యూరు, ఏ బిడ్డ? బొమ్మ మిగిలినది, మనిషి మిగులలేదు. కెమేరా పరుల చేతులలో నున్నంతకాలము మనము వస్తువులమే గాని మనుష్యులము కాము. ఈ పాఠమును చదువరులు మనసున నుంచుకొనవలెను.

తరువాతి ఘట్టము స్టూడియోలది. హైదరాబాదున ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళు 1892లో ఘోషా స్త్రీలకొరకు ప్రత్యేకముగా నొక స్టూడియో పెట్టించి, దాని నడుపుటకు ఒక ఆంగ్లస్త్రీని నియమించెను. పరపురుషుని కంటబడకుండ తన ముఖమును తాను చూచుకొను నవకాశము కొందరు స్త్రీలకు ఆ విధమున కలిగినది. మచిలీపట్టణమున జన్మించిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు మద్రాసున ఫోటో స్టూడియోతోనే జీవితము నారంభించి, తుదకు తెలుగు చలనచిత్రమునకు పితామహుడైనారు. క్రమముగా గుంటూరు, తెనాలి, ఒంగోలు వంటి పట్టణములలోను స్టూడియోలు వెలసెను. గీసిన తెర, చెక్కిన కుర్చీ, బల్లమీద పూలకుండీ. భర్త కూర్చుండును, భార్య చేయి కుర్చీవీపున నుంచి నిలువబడును. ఇట్టి చిత్రము లేని పాత యిల్లు మన సీమలో తక్కువ.

అయినను ఒక మూఢవిశ్వాసము మనవారిని చిరకాలము పట్టి పీడించినది. ఫోటో తీయించుకొన్న ఆయుస్సు తగ్గునట! బిడ్డలకు దృష్టి తగులునట! ఈ భయమువలన, బ్రదికియున్నన్నాళ్లు బొమ్మ తీయనీయక, ప్రాణము పోయినపిదప శవమును కుర్చీకి కట్టి కూర్చుండబెట్టి, చుట్టును బిడ్డలను నిలిపి, ఫోటోగ్రాఫరును పిలిపించుట పల్లెలలో నాచారమైనది. నవ్వుచు తిరిగిన తల్లి నవ్వు ఎవరికిని దక్కలేదు. మూసిన కన్నులే గోడకెక్కినవి. ఇక కన్యల ఫోటోలా, అవి పెండ్లిసంబంధములకు పంపుటకే. స్త్రీ జీవితమున రెండు చిత్రములు: అమ్మజూపినప్పు డొకటి, సాగనంపునప్పు డొకటి. ఈ రెంటి నడుమ నున్న నలుబదియేండ్ల బ్రదుకునకు సాక్ష్యమే లేదు.

ఆ నడిమి బ్రదుకును చిత్రించుటకు దారి చూపినది జేబుకెమేరా. 1888లో అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ కోడక్ అను పెట్టెకెమేరాను విక్రయింప మొదలిడెను. నూరు చిత్రములకు సరిపడు ఫిల్ము లోపలనే యుండును. తీయుట ముగిసినపిదప పెట్టెను కర్మాగారమునకు పంపిన, వారే కడిగి అచ్చువేసి పంపుదురు. 1900లో ఒక్క డాలరునకు బ్రౌనీ కెమేరా వచ్చెను. 1912లో మడచి చొక్కాజేబులో నుంచుకొనదగిన వెస్ట్ పాకెట్ కోడక్ వచ్చెను. ప్రథమ ప్రపంచసంగ్రామమున పెక్కుమంది సైనికులు దానిని వెంట కొనిపోయిరి. 1925లో జర్మనీ దేశపు లైకా వెలువడెను. బండ్లపై పోయిన పరికరము డెబ్బదియేండ్లలో జేబు దూరినది. కేవల మది పరిమాణమునందలి మార్పు కాదు. దేనిని చిత్రింపవలెనను నధికారము సర్కారునుండి, స్టూడియోనుండి, ఇంటికి వచ్చినది.

మన మైదానమున నా యధికారము నిజముగా నిండ్లకు చేరినది స్వాతంత్ర్యానంతరమే. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్-3 కెమేరాను నడివయసు దాటిన చదువరు లెరుగుదురు. 1960లో ఉదకమండలమున ప్రభుత్వము హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థను స్థాపించుటతో స్వదేశపు ఫిల్ము కూడ లభించినది. క్లిక్-3 కెమేరాలో చుట్టయొక్కటికి పండ్రెండే చిత్రములు! పదమూడవది లేదు. కావున మీట నొక్కుటకు ముందు మనిషి యాలోచించును. ఎవరిని తీయవలెను? ఎప్పుడు తీయవలెను? పండ్రెండింటిలో అమ్మకు ఒకటి యున్నదా? ఈ లెక్కయే యొక విచక్షణను నేర్పినది. ఇంటి ముందరి గదిలో కప్పుదాక పోసిన పత్తి, దానిపై దొర్లు పిల్లలు, డాబాపై వడియములు పెట్టు పెద్దమ్మ, సంచి భుజమున వైచుకొని మొదటిసారి హైస్కూలునకు పోవు ఆడుబిడ్డ, ఇట్టివి మొదటిసారిగా చిత్రములకెక్కినవి. ఏ ప్రభుత్వమును, ఏ స్టూడియోయు ఎన్నడును తీయని చిత్రములివి.

ఇట్టి చిత్రముల విలువ నష్టమైననాడు గాని తెలియదు. కృష్ణాతీరమున నాగార్జునకొండ శిథిలములు 1926లో బయల్పడినవి. 1955 డిసెంబరు 10వ తేదీన సాగరమునకు శంకుస్థాపన జరిగినది. లోయ మునుగనున్నదని తెలిసి 1954 మొదలు 1960 వరకు పురావస్తుశాఖవారు త్రవ్వి, కొలిచి, చిత్రించి, ముఖ్యమైనవానిని కొండపైకి తరలించిరి. ఇక్ష్వాకుల విహారములకు ఛాయాచిత్రములు గలవు. ఆ నీటిలోనే మునిగిన పల్లెల ముంగిళ్లకు అట్టి శాఖ యేది? ఎవరింట నైన నొక చిన్న కెమేరా యుండినయెడల తప్ప అవి పోయినట్లే. మరల 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను, గుంటూరు జిల్లా సముద్రతీరమును ముంచివైచినప్పుడు వేలకొలది మనుష్యులతోపాటు వారి పెట్టెలు, పెట్టెలలోని ఫోటోలు కూడ కొట్టుకొనిపోయినవి. ఒక్కచోట నుంచిన జ్ఞాపకము జ్ఞాపకము కాదని ఆ రాత్రి చెప్పినది.

ఇక ఫోను కథ. కోడక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు 1975లో ఫిల్ము లేని కెమేరాను నిర్మించెను; ఒక చిత్రమును టేపుపై నెక్కించుటకు 23 సెకండ్లు పట్టెడిది. 2000 సంవత్సరమున జపానుదేశమున షార్ప్ కంపెనీవారు ఫోనులో కెమేరా నమర్చి విక్రయించిరి. జపాను కెమేరా తయారీదారుల సంఘపు లెక్కల ప్రకారము, కటకము విడదీయ వీలులేని చిన్న డిజిటలు కెమేరాలు 2010లో పదికోట్లకు పైగా తయారై విపణికి పోయినవి. 2023 నాటికి ఆ సంఖ్య ఇరువది లక్షలకు లోపడినది. 2024లో మరల కొంచెము పెరిగినది. ఈ పెరుగుదలకు కారకులలో యువకులే యెక్కువ యని విందుము. వారు దేనిని వెదకుచున్నారో మేమును దానినే వెదకుచున్నాము.

ఫోనును నిందించుట మా యుద్దేశము కాదు. 2021-22లో నల్లతామరపురుగు మన మిరపతోటలను నాశము చేసినప్పుడు, పూవులోని పురుగును ఫోనుతో చిత్రించి శాస్త్రజ్ఞులకు పంపుట రైతునకు గొప్ప యుపకారమైనది. పంట నమోదునకు, బీమాకు, రశీదునకు, పోయిన సరుకునకు ఫోను చిత్రమే తగినది. చీకటిలో నైతే నేటి మంచి ఫోను పాత చిన్నకెమేరాకంటె మేలైన చిత్రము నిచ్చుననియు నొప్పుకొందుము. కాని యివన్నియు ఋజువులు. ఋజువు వేరు, జ్ఞాపకము వేరు. ఋజువు త్వరగా చేరవలెను. పని తీరినపిదప పారవేయవచ్చును. జ్ఞాపకము నిదానముగా నెన్నుకొనబడవలెను, ఏబదియేండ్లు నిలువవలెను. రెంటిని నొకే సంచిలో వైచుటయే నేటి పొరపాటు.

మా యింటి సంగతియే చెప్పెదము. కొంతకాలము క్రిందట మా ఫోను చెడిపోగా ఒక దుకాణమున బాగుచేయ నిచ్చితిమి. వారు పరికరమును బాగుచేసిరి, లోపలిదంతయు తుడిచివైచిరి. మూడేండ్ల చిత్రములు పోయినవి. రశీదులు, మందుచీట్లు, ఎరువుబస్తాల బొమ్మలు వేలకొలది యుండెను. వాని నడుమ నెచ్చటనో మా తల్లిగారి తుది సంక్రాంతి యుండెను. వాకిట ముగ్గుపిండి గిన్నె చేతబట్టి మావైపు తిరిగి యేమో యనుచున్న చిత్రమది. దుకాణదారు నేమనగలము? తప్పు మాదే. వేలలో నొకటిగా పడియున్నదానిని వేరుచేసి కాగితముపై నచ్చువేయింపలేదు. తీసిననాడు ఒకసారి చూచితిమి, మరల చూడనేలేదు. అపరిమితమైనది దేనినైనను మనిషి లెక్కచేయడు.

రెండవ కారణము రూపునకు సంబంధించినది. ఫోను మనము చూచినదానిని చూచినట్లు చూపదు. రెప్పపాటులో పెక్కు చిత్రములు తీసి, వానిని కలిపి, నీడలను తేల్చి, కొన్ని ఫోనులలో మనము కోరకయే ముడుతలను నునుపుచేసి, చాయను తెల్లబరచి చూపును. ఈ దోషము కొత్తది కాదు. కోడక్ కంపెనీవారు రంగుల సరిచూపునకు దశాబ్దములపాటు తెల్లజాతి స్త్రీ చిత్రమునే కొలబద్దగా నుంచిరి. నల్లని ముఖములు ఆ ఫిల్ములో సరిగా వచ్చెడివి కావు. నలుపు లోపమను భావము నింటనుండి వెడలగొట్టుటకు మనము నూరేండ్లుగా శ్రమించుచుండగా, జేబులోని యంత్రము దానిని మరల లోపలికి తెచ్చుచున్నది. ఎండలో నలువదియేండ్లు పనిచేసిన ముఖమునకు ముడుతలే చరిత్ర. వానిని తుడుచుట ఆదరము కాదు, అపహరణము. చిన్న కెమేరాయు కొంత దిద్దునుగాని, ఆ దిద్దుబాటు మితమైనది. ఎంతవరకో మనమే నిర్ణయింపవచ్చును.

ఈ నిర్ణయమెట్టిదో మన రెండు పంటలే నేర్పును. కెమేరా లోకమంతయు నడిమి బూడిదవన్నెదని తలంచి వెలుతురును కొలుచును. పత్తికుప్పవంక త్రిప్పిన, ఇంత తెలుపు ఉండదని తగ్గించును. పత్తి మాసినట్లు వచ్చును. అప్పుడు వెలుతురును ఒక మెట్టు పెంచవలెను. మిరపకల్లమున దీనికి విరుద్ధము: ఎండలో ఎరుపు పొంగి కాయకు కాయకు నడుమ భేదము పోయి, కల్లమంతయు ఎర్రముద్దగా వచ్చును. అప్పుడు ఒక మెట్టు తగ్గింపవలెను. తగ్గించినంతనే తొడిమలు, ముడుతలు, కాయకాయ విడివిడిగా కనబడును. చిన్న కెమేరాలు పెక్కింటిలో ఈ మెట్లకు వేరుగా నొక మీట యుండును. రెండు పంటల నడుమ నిట్లు వ్రేలితో సరిచేయుచు నేర్చుకొన్నవాడు చూచుట నేర్చుకొనును.

మూడవ కారణమే అన్నింటికంటె ముఖ్యమైనది. గడచిన ఫాల్గుణమున నరసరావుపేట వైపు ఒక కల్లమునకు పోయితిమి. కర్నూలు జిల్లా పడమటి మండలములనుండి యేటేట కోతకు వలసవచ్చు స్త్రీలు వరుసగా కూర్చుండి తాలుకాయ నేరుచుండిరి. ముఖములకు గుడ్డలు కట్టుకొనియుండిరి. ఆ ఘాటున మాకు నిమిషము నిలుచుటయే కష్టమయ్యెను. మేము జేబునుండి ఫోను తీసితిమో లేదో, కొందరు ముఖము త్రిప్పుకొనిరి. ఒక ముసలమ్మ మాత్రము తిన్నగా చూచి యిట్లనెను: "ఫోన్లో తీస్తే అది యాడికి పోతాదో మాకేం తెలుసు సామీ? కాయితం మీద వచ్చేదైతే తీయండి. మా మనవరాలికి చూపించుకుంటా."

హూపరు చిత్రములలోని వారికి ఈ మాట యనుటకు నోరు లేకపోయినది. నూటయేబదియేండ్ల కీమె యన్నది. ఆమె యడిగినది రెండే: తన బొమ్మ యెచ్చటికి పోవునో తనకు తెలియవలెను, తన బొమ్మలో తనకు భాగము రావలెను. ఫోనును లోపల బెట్టి చిన్న కెమేరాను తీసితిమి. "కాగితం మీదనే ఇస్తామవ్వా. మీ పేరేమిటి?" అని యడిగితిమి. పేరడిగినందుకు ఆమె యొక్కక్షణము మావంక చూచి, ముఖముపై గుడ్డను తానే తొలగించుకొనెను. మూడే చిత్రములు తీసితిమి. మరునాడు పట్టణమున అచ్చువేయించి తెచ్చి యిచ్చితిమి. ఆమె పేరిచ్చట వ్రాయము. అది ఆ కాగితము వెనుక, ఊరి పేరుతో, తేదీతో వ్రాయబడి ఆమె మూటలో నున్నది. అదియే దానికి తగిన చోటు.

ఇంటి ఆడుబిడ్డల విషయమున నీ న్యాయమే మరింత వర్తించును. ఫోనులోని బొమ్మ వ్రేలి తాకిడితో వందమందికి చేరును. చేరినపిదప వెనుకకు రాదు. ఒకరి యజాగ్రత్తవలన ఎందరు బాలికలు నిద్రలేని రాత్రులు గడపుచున్నారో తల్లిదండ్రు లెరుగుదురు. పెక్కు చిన్న కెమేరాలలోనుండి బొమ్మ తనంతట వెలుపలికి పోదు. చీటిని తీసి, ఎన్నుకొని, మనము పంపిననే పోవును. ఆ నడిమి యాలస్యమే మర్యాద. "దీనిని పంపవచ్చునా అమ్మా?" అని అడుగుటకు అందువలన వ్యవధి దొరకును.

చిన్న కెమేరా కొనుటకు డబ్బేదీ యని కొందరందురు. కొత్తవాని వెల నేడు ఎక్కువయే. కాని పదునైదేండ్ల క్రిందట కొన్న కెమేరాలు పెక్కు మధ్యతరగతి యిండ్ల బీరువాలలో మూలుగుచున్నవి. బ్యాటరీయొకటి, చీటియొకటి మార్చిన వానిలో కొన్ని నేటికిని పనిచేయును. అదియు లేనివారు ఫోనుతోనే యీ నియమములను పాటింపవచ్చును. ముఖ్యము యంత్రము కాదు, నియమము. అయితే యంత్రము వేరుగా నున్నప్పుడు నియమము సులభముగా నిలుచునని మా యనుభవము. దేవునిగదిలో వేరు గిన్నె యుంచుకొనువారికి ఈ మాట వివరింప బనిలేదు.

కావున చదువరులకు మేము విన్నవించున దిది. ఏడాదికి పండ్రెండు చిత్రము లెన్నుకొనుడు, నెలకొకటి. వానిని కాగితముపై నచ్చువేయించి, వెనుకవైపున పేరు, ఊరు, తేదీ వ్రాయుడు. వంటయింటిలోని తల్లి పేరును, పొలములో పనిచేసినవారి పేర్లను విడువకుడు. ఒక ప్రతి మీ యింటను, మరియొకటి వేరొక యూరిలోని బంధువులయింటను ఉంచుడు. నీరును నిప్పును రెండుచోట్ల కొక్కసారి రావు. ఎవరిని చిత్రించినను ముందడుగుడు. వారికొక ప్రతి యిండు. పెద్దలు నవ్వుచుండగానే తీయుడు. కుర్చీకి కట్టువరకు వేచియుండకుడు.

ఇంకొక్క మాట. 1922లో గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణగారును లక్ష్మీబాయమ్మగారును శారదానికేతనమును స్థాపించి బాలికల చేతికి పుస్తకమిచ్చినప్పుడు, ఆడుదానికి చదువేల యని నవ్వినవారుండిరి. నేడట్లు నవ్వువారు లేరు. ఆ పుస్తకము ప్రక్కన నీ చిన్న పెట్టెను కూడ మీ కుమార్తె చేతిలో నుంచుడు. ఇంతకాలము ఆమె చిత్రింపబడినది. ఇక ఆమె చిత్రించును. మన ముత్తవ్వ ముఖమును మన మెరుగము. ఆమె మునిమనుమరాండ్ర కట్టి లోటు కలుగకుండ చేయుట మన చేతులలో నున్నది.